ఘాటు దిగవలసిన బండి

1982 మార్చి 29వ తేదీన తెలుగుదేశం పార్టీని స్థాపించిన పిమ్మట నందమూరి తారక రామారావుగారు, ప్రజలను వారి ఊళ్లలోనే కలిసికొనుటకై ఒక పాత షెవ్రొలే వ్యానును తమ యవసరములకు తగినట్లు మార్పించుకొని, దానికి చైతన్యరథమని పేరిడి, కుమారుడు హరికృష్ణ సారథిగా నెలల తరబడి రాష్ట్రమంతయు సంచరించిన విషయము తెలుగువారికి సుపరిచితమే. ఆ బండి కప్పుపై నిలిచియే ఆయన ప్రసంగించెడివారు. ఆ బండిలోనే విశ్రమించెడివారు. దారిప్రక్కనే స్నానభోజనములు ముగించుకొనెడివారు. 1983 జనవరి ఎన్నికలలో ఆయన గుడివాడయందును, మన తిరుపతియందును గెలుపొందిరి. ఆ సంచారముయొక్క రాజకీయ ఫలితములను గూర్చి చాలమంది వ్రాసిరి. చక్రములపై కాపురముండుట తెలుగునాట సాధ్యమేయనియు, అందులకు క్రొత్త బండియే కావలెనను నియమము లేదనియు అది చూపినదన్న సంగతి మాత్రము అంతగా ఎవరికిని పట్టలేదు. ఈ వ్యాసమునకు కావలసినది ఆ సంగతియే.

నేడు తిరుపతి, చిత్తూరు ప్రాంతములలో ఇట్టి యభిలాష గలవారికి చేతికందు ధరలో దొరకదగినది, ఏ పాఠశాలకో ట్రావెల్సువారికో చిరకాలము చాకిరి చేసిన టెంపో ట్రావెలర్ బండి. 1987లో బజాజ్ టెంపో సంస్థ మెర్సిడెస్ బెంజ్ వారి నమూనా ననుసరించి దానిని తయారుచేయ నారంభించెను. తొలితరము బండ్లలోని డీజిలు ఇంజను సయితము ఆ జర్మను సంస్థ రూపకల్పనయే. వానిలో కంప్యూటరుతో నడుచు భాగములు లేవు. ప్రతి యవయవము కంటికి కనబడును, పానాకు అందును. ఓపికయు, నేర్చుకొనవలెనను బుద్ధియు గల గృహస్థుడు పెరటిలోనే చాల పనులు స్వయముగా చక్కబెట్టుకొనవచ్చును.

ఐతే ఆ పనులలో ఏది ముందు, ఏది వెనుక యన్న వివేకము ముఖ్యము. బండి ఇంటికి రాగానే పరుపులు, తెరలు, వంటగట్టు, రంగురంగుల దీపములు అమర్చుటకు మనస్సు ఉవ్విళ్లూరుట సహజమే. గూడుబండి కట్టి తీర్థమునకు బయలుదేరు మన పూర్వులు మాత్రము ముందు ఇరుసునకు కందెన వేసి, కడచీలను తట్టి చూచి, ఆ పిదపనే లోపల వరిగడ్డి పఱచెడివారు. ఆ క్రమమే నేటి ఇంటిబండికిని శిరోధార్యమని నా దృఢాభిప్రాయము. అందులోను, మన సీమలో పాత బండిని ఎక్కుటకుగాక దిగుటకు సిద్ధపఱచవలెను.

ఈ మాటకు ఆధారము మన భూమిలోనే కలదు. తిరుపతి పట్టణము సముద్రమట్టమునకు నూటయేబది మీటర్లకు కొంచెము పైన నుండగా, పడమట మదనపల్లె, పలమనేరు ప్రాంతములు ఇంచుమించు 700 మీటర్ల ఎత్తున నున్నవి. మదనపల్లెకు ఆవల హార్సిలీ కొండ 1,265 మీటర్లు. కావున తిరుపతినుండి పడమటికి పోవు ప్రధాన మార్గములలో భాకరాపేట ఘాటో, మొగిలి ఘాటో ఎదురగును. 2022 మార్చిలో పెండ్లివారి బస్సు భాకరాపేట ఘాటులోని లోయలో పడి నిండు ప్రాణములు పోయిన దుర్ఘటన ఈ ప్రాంతమువారి మనస్సులలో నింకను పచ్చిగానే యున్నది. తిరుమల కొండకు 1944లో మొదటి ఘాటురోడ్డు తెఱవబడెను. 1970 దశకమున రెండవది వచ్చిన తరువాత క్రొత్తది ఎక్కుటకును, పాతది దిగుటకును నిర్ణయింపబడెను. అచ్చట వాహనములు ఎక్కుటకు కనీసము 28 నిమిషములు, దిగుటకు కనీసము 40 నిమిషములు పట్టవలెనను నియమము కలదు. రెండు దారుల పొడవును ఇంచుమించు సమానమే యైనను దిగుటకు ఎక్కువ సమయము విధించిన ఆ నియమములో ఎంతో యనుభవము దాగియున్నది. పాత ఇంటిబండితో వచ్చినవారు దానిని దిగువనే నిలిపి, కొండకు ఆర్టీసీ బస్సులో పోవుట మేలని నేను సలహా యిత్తును.

దిగునపుడు జరుగునదేమి? ఎత్తుననున్న బండి బరువులో నిక్షిప్తమైన శక్తి వేడిమిగా మాఱి వెలువడవలసి యుండును. సామగ్రితో, మనుష్యులతో 3 టన్నులు తూగు బండి హార్సిలీ కొండనుండి మదనపల్లెకు దిగుటలో వెలువడు శక్తి, 30 డిగ్రీల వేడిగల నీటిని 50 లీటర్లకు పైగా మరుగునకు తెచ్చుటకు చాలును. ఇందులో కొంత గాలికి పోవును. కొంత, గేరు తగ్గించి నడుపువానికి, ఇంజనే భరించును. మిగిలినది బ్రేకు డ్రమ్ములకును, లైనర్లకును, వానినుండి బ్రేకు ఆయిలునకును సంక్రమించును. ఆ ఆయిలునకు గాలిలోని తేమను పీల్చుకొను గుణము కలదు. డాట్ 3 రకమునకు క్రొత్తగా నున్నపుడు కనీసము 205 డిగ్రీలుండవలసిన మరుగుస్థానము, తేమ చేరిన పిమ్మట 140 వఱకు దిగజారవచ్చును; డాట్ 4 రకమునకు 230 నుండి 155 వఱకు. ఆయిలు మరిగి ఆవిరియైనచో, ఆవిరి నొక్కుడునకు లొంగును గాని ద్రవమువలె ఒత్తిడిని ముందునకు పంపదు. పెడలు నేలను తాకును, బండి మాత్రము నిలువదు. ఏండ్ల తరబడి కదలక నిలిచియున్న బండిలోని బ్రేకు ఆయిలును, అది చూపునకు తేటగా నున్నను, పూర్తిగా తీసివేయవలయుననుటకు కారణ మిదియే.

ఈ పనికి ఇద్దరు కావలెను. ఒకరు సీటులో కూర్చుండి పెడలును నెమ్మదిగా నొక్కి పట్టవలెను. రెండవవారు చక్రము వెనుకనున్న బ్లీడరు మొలకు సన్నని గొట్టము తగిలించి, దాని రెండవ కొనను కొంచెము ఆయిలున్న సీసాలో ముంచి, మొలను వదలు చేసి, బుడగలతోగూడిన పాత ఆయిలు వెలువడిన వెంటనే మరల బిగింపవలెను. బిగించిన తరువాతనే పెడలుపైనుండి కాలు తీయవలెను. మాస్టరు సిలిండరునకు మిక్కిలి దూరమున నున్న చక్రముతో నారంభించి దగ్గఱకు వచ్చుట చాల బండ్లకు వర్తించు పద్ధతి. పైనున్న డబ్బాలో ఆయిలు అడుగంటకుండ చూచుకొనవలెను. అడుగంటెనా, మరల గాలి పట్టి పని మొదటికి వచ్చును. ఈ సందర్భముననే డ్రమ్ములు విప్పి లైనర్ల మందమును, వీలు సిలిండర్ల చుట్టు తడి యున్నదా లేదా యన్న విషయమును పరీక్షింపవచ్చును. డ్రమ్ము గాట్లుపడిన యెడల లేతు పని చేయువారి యొద్దకు పంపవలెను. స్టీరింగు పెట్టెలోని వదులును, మాస్టరు సిలిండరు లోపములను చేయితిరిగిన మెకానిక్కునకే అప్పగింపవలెను. స్వయముగా చేసిన బ్రేకు పనిని సయితము ఆయనకు చూపింపక ఘాటు దిగరాదు.

టైర్ల విషయమున అరుగుదల యొక్కటే ప్రమాణము కాదు. గాడి లోతు చట్టముచొప్పున 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదు గాని, లోతు చక్కగానున్న టైరు కూడ వయస్సుచేత గట్టిపడి, ప్రక్కగోడలు బీటలువారి, మే నెల తారురోడ్డుపై ఒక్కసారిగా పగులవచ్చును. ప్రక్కగోడపై తయారైన వారమును, సంవత్సరమును తెలుపు నాలుగంకెలు ముద్రింపబడి యుండును: 2319 అన్నచో 2019వ సంవత్సరము 23వ వారము. ఆఱేండ్లు దాటినవానిని దూరప్రయాణమునకు నమ్మరాదు. స్టెప్నీకిని ఇదే న్యాయము. గాలిని చల్లగానున్నపుడే కొలిపించవలెను. కమాను కట్టలలో విఱిగిన పట్టీ యున్నదేమో బండి క్రింద దూరి చూడవలెను. అట్లు దూరునపుడు జాకీనొక్కదానినే నమ్ముకొనక, చక్రములకు అడ్డు వేసి, ఇనుప స్టాండ్లపై బండిని నిలుపవలెను.

తిరుపతిలో ఎండ 40 డిగ్రీలు దాటుట వింత కాదు. ఆ ఎండలో బరువుతో ఎత్తునకు ప్రాకు పాత ఇంజను రేడియేటరు ఆరోగ్యముపైననే ఆధారపడియుండును. మన సీమలో బోరునీరు చాలచోట్ల ఉప్పదనము, గట్టిదనము గలది. ఆ నీటినే యేండ్ల తరబడి పోసిన రేడియేటరు గొట్టములలో సున్నపుపొర పేరుకొని వేడి బయటికి పోనీయదు. కావున లోపల శుభ్రపఱపించి, కూలెంటును డిస్టిల్డు వాటరుతో చెఱిసగము కలిపి పోయవలెను. రబ్బరు హోసులను వ్రేళ్లతో నొక్కి చూచినచో మెత్తబడినవియు, పెళుసైనవియు తెలిసిపోవును. ఫ్యాను బెల్టునకు జోడుగా క్రొత్తది యొకటి పెట్టెలో నుండవలెను. వేడెక్కిన రేడియేటరు మూతను తెఱచుట మాత్రము ఎన్నటికిని కూడదు. ఒత్తిడిలోనున్న నీరు ముఖముపైకి చిమ్మును. డీజిలు ట్యాంకు అడుగున చేరిన నీటిని, మడ్డిని దింపి ఫిల్టరు మార్చుట సులభమైన పని. దానిని గూర్చి ఇంతకంటె చెప్పనక్కఱలేదు.

ఇక ఇల్లు. బండిని స్టార్టు చేయు బ్యాటరీ వేఱు, ఇంటికి వెలుతురును గాలిని ఇచ్చు బ్యాటరీ వేఱుగా నుండవలెను. తిరుపతి ప్రక్క కరకంబాడిలో 1985లో స్థాపితమైన అమరరాజా సంస్థ మూలమున బ్యాటరీ యన్నది మన జిల్లావారికి ఇంటిమాట యైనది. దాని వాడుక లెక్క మాత్రము ఇంకను తెలిసికొనదగియున్నది. సీసపు బ్యాటరీని సగముకంటె ఎక్కువ ఖాళీ చేసినచో దాని ఆయుష్షు త్వరగా క్షీణించును. అనగా 150 ఏహెచ్ (ఆంపియర్ గంటల) బ్యాటరీలో మనము వాడుకొనదగినది 75 మాత్రమే. రెండున్నర ఆంపియర్ల ఫ్యాను రాత్రి ఎనిమిది గంటలు తిరిగినచో 20, దీపములకు 10, చిన్న ఫ్రిజ్జికి దినమునకు సుమారు 40. అంతటితో సరి. ప్రతి తీగకును, బ్యాటరీకి సాధ్యమైనంత దగ్గఱగా, తగిన ఫ్యూజు ఉండవలెను. అది లేనియెడల ఒరుసుకొని తెగిన తీగ పరుపులనడుమ నిప్పు పుట్టించును.

వంటగ్యాసు గాలికంటె బరువైనది. కారిన గ్యాసు నేలపైననే మడుగుకట్టి నిప్పురవ్వకై కాచుకొనియుండును. సిలిండరున్న అఱకు అడుగున, బండి వెలుపలికి తెఱచుకొను రంధ్ర ముండవలెను. సిలిండరు నిలువుగా, పట్టీతో బిగింపబడి యుండవలెను. అతుకులను సబ్బునురుగుతో పరీక్షింపవలెను. రబ్బరు గొట్టమును ఐదేండ్లకొకసారి తప్పక మార్చవలెను. బండి కదలుచున్నంతసేపు వాల్వు మూసియే యుంచవలెను. నిలిపిన బండిలో ఇంజను నడుపుచు తలుపులు మూసి నిద్రించుట ప్రాణాంతకము.

నీటి ట్యాంకు కప్పుపై పెట్టువారు కొందఱున్నారు. నూఱు లీటర్ల నీరు నూఱు కిలోలు. అంత బరువు తలపై మోసికొని మలుపు తిరుగు బండి ఒరుగుటకు సిద్ధముగా నుండును. నీటిని నేలమట్టముననే యుంచవలెను.

చట్టమును మఱచి యీ పని చేయరాదు. 1988 మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను ప్రకారము, తయారీదారు తెలిపిన వివరములకు భిన్నమగునట్లు వాహనమును యజమాని తన యిష్టము వచ్చినట్లు మార్చరాదు. కావున సీట్లు తీసి మంచములు బిగించుటకు ముందే ఆర్.టి.ఓ. కార్యాలయమున అనుమతి విషయము తేల్చుకొనవలెను. రవాణా వాహనముగా నమోదైన బండిని సొంత వాడుకకు మార్చుకొనుట వేఱొక ప్రక్రియ. సొంత వాహనమునకైనను 15 ఏండ్లు నిండిన పిమ్మట పరీక్షకు నిలిపి నమోదును ఐదేండ్లకొకసారి పునరుద్ధరించుకొనవలయును. ఈ కాగితములు లేని బండిపై ధనము వెచ్చించుట వ్యర్థము.

కప్పు అతుకులలోని కారుట వేసవిలో కనబడదు. మన ప్రాంతమునకు పెద్దవానలు అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు వచ్చును. 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వఱద తిరుమల దారులను సయితము దెబ్బతీసెను. కావున అంతకు ముందే కప్పుపై గొట్టముతో నీరు పట్టి, లోపల టార్చితో వెదకి, చెమ్మ కనబడినచోట పాత పుట్టీని గీకివైచి, ఆరనిచ్చి, క్రొత్త సీలెంటు పూయవలెను. తుప్పును తీగకుంచెతో మెఱుపువచ్చువఱకు రుద్ది ప్రైమరు వేయక పైపైన రంగు పూసినచో, తుప్పు రంగు క్రింద తన పని తాను చేసికొనుచునే యుండును. వానలు వెనుదీసిన జనవరి, ఫిబ్రవరులు ప్రయాణమునకు ప్రశస్తమైన కాలము.

ఐతే నేరుగా దూరదేశము పట్టరాదు. నీళ్లు, సామగ్రి, మనుష్యులతో పూర్తి బరువు నింపి, చంద్రగిరి, భాకరాపేట మీదుగా సుమారు 60 కిలోమీటర్ల దూరమునగల తలకోనకు ఒకనాడు పోయి రావలెను. పోవునపుడు ఎత్తులో ఇంజను వేడిని గమనింపవలెను. వచ్చునపుడు ఎక్కిన గేరులోనే దిగుచు, బ్రేకును ఎడతెగక తొక్కిపట్టక, నొక్కుచు వదలుచు రావలెను. ఘాటు ముగిసిన పిమ్మట దారి వెడల్పుగానున్నచోట బండి నాపి, అఱచేతిని ప్రతి చక్రమునకు తాకకుండ దగ్గఱగా నుంచి వేడిని పోల్చి చూడవలెను. ఒకే ఇరుసున ఎడమ కుడి చక్రములు ఇంచుమించు సమానముగా నున్న మేలు. ఒకటి మిగుల వేడెక్కినచో అచ్చట లైనరు డ్రమ్మును వదలుటలేదని యర్థము. ఒకటి చల్లగానే యున్నచో ఆ చక్రమునకు బ్రేకు పట్టుటయే లేదు, దానిని విప్పి మరల చూడవలసియున్నది.