అచ్చుకు సిద్ధమైన ప్రతి: తెలుగు, ఉర్దూ పుస్తకాల తయారీ

సొంత ఖర్చుతో కవితల పుస్తకమో, కథల సంపుటమో వేసికొనదలచి మమ్ములను సలహా అడిగే విద్యార్థులు ఏటా ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. కాగితం ధర ఎంత, బొమ్మ ఎవరు వేస్తారు అన్నవే వారి ప్రశ్నలు. ముద్రణాలయానికి ఇచ్చే ఫైలును గూర్చి ఒక్కరూ అడుగరు. మేమూ ఒకప్పుడు అడుగలేదు.

కొన్నేండ్ల క్రిందట ఒక చిన్న వ్యాససంపుటిని 500 ప్రతులు వేయించుకొన్నాము. ముందు భాగం తెలుగు, వెనుక భాగం ఉర్దూ. ఫైలు మేమే తయారుచేశాము. కట్టలు ఇంటికి చేరిన నాడు విప్పి చూడగా, ‘విద్యార్థి’ అన్న మాట ‘విద్‌యార్‌థి’ అయి కూర్చున్నది. ఉర్దూ భాగపు మొదటి పుట పుస్తకం నడుమ చిక్కుకొన్నది. ముద్రణాలయం వారి తప్పు లేదు; మేమిచ్చిన దానినే వారు అచ్చొత్తారు. ఆ 500 ప్రతులూ తూకానికి పోయినవి.

మన విశాఖపట్నానికి అచ్చుపని కొత్త కాదు. పంతొమ్మిదవ శతాబ్ది చివరి దశకాలలోనే ఇక్కడి ఆర్ష ప్రెస్సులో సంస్కృత గ్రంథాలు వెలువడినవి. సీసపు అక్షరాల కాలంలో కంపోజిటరు ఒత్తులు తెలిసినవాడు, ప్రూఫు దిద్దేవాడు వేరొకడు. ఉర్దూకు కాతిబు కలం పట్టి పుట మొత్తం వ్రాసేవాడు. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ కృషితో నూరీ నస్తాలీఖ్ రూపొంది, ఆ వ్రాత యంత్రానికి ఎక్కింది. నేడు ఆ ముగ్గురి పనీ గ్రంథకర్త మీద పడింది. ఈ సంగతి అతనికి ఎవరూ చెప్పకపోవడమే చిక్కు.

ముద్రణకు ఇచ్చే పీడీఎఫ్ మన రేవులో ముద్ర వేసి పంపే కంటైనరు వంటిది. బయలుదేరిన చోట లోపల పెట్టనిది, చేరిన చోట దొరకదు. అక్షరరూపాలు, అనగా ఫాంట్లు, ఫైలులోనే ఇమిడి ఉండవలెను. 2001లో ప్రమాణంగా ఏర్పడిన పీడీఎఫ్/ఎక్స్-1ఏ పద్ధతిలో ఇది తప్పనిసరి. పీడీఎఫ్ తెరచి దాని లక్షణాల పట్టికలో ఫాంట్ల వరుస చూస్తే, ప్రతి పేరు ప్రక్కన ఇమిడినదో లేదో తెలుస్తుంది. అరనిమిషపు పని.

తెలుగులో అసలు ప్రమాదం రెండు తరాల అక్షరాల మధ్య ఉన్నది. అను వంటి పాత ఫాంట్లలో తెలుగు రూపాల వెనుక ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు ఉంటాయి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో పుట అంతా అర్థంలేని ఇంగ్లీషు అవుతుంది. వాటికి తోడుగా నడిచిన పేజ్‌మేకరు 2001 నాటి 7.0తో ఆగిపోయింది, యూనికోడ్ దానికి తెలియదు. యూనికోడ్‌లో టైపు చేసి ఇన్‌డిజైన్‌లో పుటలు కట్టేవారు పేరా అమరికలో ‘వరల్డ్ రెడీ’ కంపోజరును ఎంచుకొనవలెను. ఎంచుకొనకపోతే ఒత్తులు విడిపోతాయి. మా ‘విద్‌యార్‌థి’ అక్కడే పుట్టాడు.

ఉర్దూకు వరుసల మధ్య ఎడం ఎక్కువ కావలెను. నస్తాలీఖ్‌లో మాట కుడినుండి ఎడమకు నడుస్తూ క్రిందికి వాలుతుంది. తెలుగుకు సరిపోయిన ఎడంలో పై వరుస క్రింది వరుసను తాకుతుంది.

రెండు భాషల పుస్తకంలో పుటల క్రమం మరింత జాగ్రత్తగా చూడవలసినది. తెలుగు ఒక అట్టనుండి, ఉర్దూ రెండవ అట్టనుండి మొదలై నడుమ కలుస్తాయి. తెలుగు 60 పుటలు, ఉర్దూ 40 పుటలు అనుకొందాము. ఫైలులో తెలుగు 1 నుండి 60 వరకు పోయిన తరువాత ఉర్దూ 40వ పుట రావలెను, ఆపైన 39, అలా చివరికి 1. ఫైలులోని చివరి పుటయే ఉర్దూ మొదటి పుట. మన వార్షిక సంచికకూ ఇదే లెక్క కనుక సంపాదకవర్గం వారు ఈ పేరాను రెండుసార్లు చదువవలెనని కోరుతున్నాము.

మిగిలినవి కొలతలు. డెమ్మీ 1/8 సైజుకు 5.5 అంగుళాల వెడల్పు, 8.5 అంగుళాల ఎత్తు చాలు. అంచుదాకా రంగు ఉన్నచోట ప్రతి వైపునా 3 మిల్లీమీటర్లు అదనంగా ఇవ్వవలెను, కోతలో పోతుంది. బైండింగు వైపు అంచు వెడల్పుగా ఉంచవలెను. ఫోటోలు అచ్చయ్యే సైజులో అంగుళానికి 300 చుక్కలకు తగ్గరాదు. అక్షరాలు ఒక్క నలుపులోనే ఉండవలెను. నాలుగు రంగులు కలిసిన నలుపైతే అక్షరానికి నీడ పడుతుంది. అట్ట వెన్ను మందానికి సూత్రాలు వెదకనక్కరలేదు. అదే కాగితం పుస్తకానికి కావలసినన్ని ఆకులు పేర్చి, అదిమి, స్కేలుతో కొలిస్తే చాలు.

ఇంతా చేసి, తెర మీద చూచి సంతృప్తి పడరాదు. మేమిప్పుడు ఫైలును ముందుగా కాగితం మీద తీయించి, ఆకులు మడిచి కుట్టి, తెలుగు భాగాన్ని పైకి చదువుతాము. ఉర్దూ భాగాన్ని ఆ శాఖలోని మిత్రునికి ఇస్తాము. ముద్రణాలయం నుండి ఒక నమూనా ప్రతి తెప్పించుకొని, దానిమీద తేదీతో సంతకం చేసిన తరువాతనే మిగిలిన ప్రతులకు అనుమతి ఇస్తాము. మా రెండవ పుస్తకం నమూనాలో పదకొండు తప్పులు దొరికినవి. వాటిలో ఒకటి అట్ట మీద, మా పేరులోనే ఉన్నది.