పిండి పులుపు - వేడిమి అదుపు

మన యిండ్లలో నిత్యము జరుగుచున్నను మనము అంతగా తలపోయని పని యొకటి కలదు. రాత్రి రుబ్బి యుంచిన పిండి తెల్లవారుసరికి పొంగుట, పాలలో వేసిన తోడు గడ్డపెరుగగుట, రాగిజావ పులిసి అంబలియగుట - ఇవి యన్నియు మనము నిద్రించుచుండగా నడచు పనులు. పిండి చక్కగా పొంగిన దినమున ఇల్లాలిని మెచ్చువారు లేరు. పొంగని దినమున మాత్రము తప్పు ఆమెదే యందురు. “ఆమె చేయి మంచిది కాదు” అని నిందించువారును కలరు. చేతిలో దోషమేమియు లేదు. దోషము వేడిమిలో నున్నది. ఆ వేడిమిని అదుపున నుంచు ఉపాయమును గూర్చి, నేను నష్టపడి నేర్చుకొన్న నాలుగు మాటలు ఇందు వ్రాయుచున్నాను.

నా పుట్టినిల్లు కుప్పము, మెట్టినిల్లు పుంగనూరు, ఇప్పుడు కాపురము మదనపల్లెలో. ఈ మూడూళ్లును సముద్రమట్టమునకు సుమారు రెండువేల అడుగుల పైని మెట్టభూమిలో నున్నవి. కోస్తా జిల్లాలలోని సోదరీమణులకు పిండి పులిసిపోవునను భయమే గాని, పులియదను భయము తఱచుగా నుండదు. మాకు రెండు భయములును గలవు. మార్గశిర పుష్యములలో తెల్లవారుజామున వేడిమి 15 డిగ్రీలకు, ఒక్కొక్కనాడు అంతకంటెను దిగును. వైశాఖములో మధ్యాహ్నము 35 డిగ్రీలు దాటును. ఒకే యిల్లు, ఒకే గిన్నె, ఒకే కొలత. అయినను పిండి గుణము ఋతువు ననుసరించి మాఱుచుండును.

కుప్పములో మా అమ్మ చలికాలమున పిండిగిన్నెకు కంబళి చుట్టి పొయ్యిప్రక్కన నుంచెడిది. ఎండకాలమున తడియిసుకపై నిలిపెడిది. పుంగనూరులో మా అత్తవారింట పొట్టియావులు రెండుండెడివి. మూడడుగుల యెత్తైనను లేని ఆ పుంగనూరు ఆవుల పాలకు వెన్న యధికమని ప్రసిద్ధి. ఈ జాతి యంతరింపకుండ పలమనేరు పశుపరిశోధనకేంద్రములో కాపాడుచున్నారు. అంత చిక్కని పాలైనను, చలిరాత్రి దుత్తను వట్టి నేలపై నుంచినచో పెరుగు తోడుకొనదు. అందుచే మా అత్తగారు దుత్తను వడ్లగంపలో పూడ్చి పెట్టెడివారు. పాలు ఎంత మంచివైనను వేడిమి లేనిదే పెరుగు కావను సంగతి ఆమెకు శాస్త్రము చదువకయే తెలియును.

శాస్త్రము చెప్పునది గూడ అదియే. మినపపప్పును బియ్యమును ఆశ్రయించి సహజముగా సూక్ష్మజీవులుండును. వానిలో ల్యూకోనాస్టాక్ అనునది ముఖ్యము. అవి పిండిలోని చక్కెరలను తిని, ఒకవంక పులుపునిచ్చు లాక్టికామ్లమును, మఱియొకవంక బొగ్గుపులుసు వాయువును పుట్టించును. మినుముల బంక ఆ వాయువును బుడగలుగా పట్టి యుంచును, పిండి పొంగును. ఈ జీవులకు 28 మొదలు 32 డిగ్రీల వఱకు హితము. 20కి దిగినచో మందగించును. 35 దాటినచో పొంగుకంటె పులుపు ముందుపడును. పెరుగు సూక్ష్మజీవులలో కొన్నింటికి ఇంకను ఎక్కువ వేడిమి కావలెను. 1905లో బల్గేరియా దేశీయుడగు గ్రిగొరోవ్ అను వైద్యుడు కనిపెట్టిన పెరుగు సూక్ష్మజీవికి 40 మొదలు 45 డిగ్రీలు ఇష్టము. మనము పాలు గోరువెచ్చగా నుండగా తోడు వేయుటలోని రహస్య మిదియే. 4 డిగ్రీల చలిలో ఇవి చావవు గాని, చాలవఱకు నిద్రించును. కావున పొంగించుట కొక వేడిమి, నిలువచేయుట కొక చలి అవసరము.

ఇచ్చట ఒక వింత చెప్పవలెను. చలియంత్రము వంటయింటికి రాకముందే పులియబెట్టు శాలలలో ప్రవేశించెను. యంత్రము లేని కాలమున అమెరికా సరస్సులలోని మంచుగడ్డలు ఓడలపై వచ్చెడివి. 1833లో కలకత్తాకు వచ్చెను. 1842లో మదరాసు సముద్రపుటొడ్డున మంచు దాచుటకై ఐస్ హౌస్ కట్టిరి. వివేకానందస్వామి 1897లో బసచేసిన భవన మదియే. జర్మనీలో బీరు చేయువారికి చల్లని నేలమాళిగలే శరణ్యముగా నుండెను. వేసవి వచ్చినచో పని చెడెడిది. 1870 దశకములో కార్ల్ ఫాన్ లిండె అను పండితుడు మ్యూనిక్ నగరమున బీరుశాల కొఱకే చలియంత్రమును నిర్మించెను. నేడు మన వంటయిండ్లలో మ్రోగు ఫ్రిజ్జులకు ఆ యంత్రము పూర్వీకులలో నొకటి.

ఆ పరంపర నేటికిని నడచుచున్నది. అమెరికాలో నున్న మా తమ్ముని పొరుగువాడు ఇంటనే బీరు కాచుకొనునట. మూత పైకెత్తు పొడవైన ఫ్రీజరు పెట్టెకు వేడిమిని కొలుచు చిన్న కంట్రోలరు తగిలించి, ఒకరకమునకు 20 డిగ్రీలు, మఱియొకరకమునకు 10 డిగ్రీలు చొప్పున నిలుపునట. ఆ దేశమున అట్టి గృహోపయోగపు బీరునకు 1978లో కేంద్రచట్టము అనుమతి నిచ్చినది. మన రాష్ట్రమున 1968 నాటి ఆబ్కారీచట్టము ప్రకారము అనుజ్ఞ లేక మద్యము తయారుచేయుట నేరము. మన యిండ్లకు ఆ పనితో నిమిత్తమును లేదు. కాని తమ్ముడు ఫోనులో ఈ సంగతి చెప్పగానే నాకు మా పిండిగిన్నెలు జ్ఞప్తికి వచ్చినవి.

అప్పటికి నేను వీధిలోని ఇండ్లకు దోసెలపిండియు పెరుగును అమ్ముచుంటిని. మా అమ్మాయి కళాశాల రుసుము ఆ సొమ్ముతోనే కట్టవలసి యుండెను. మూతవేసిన ఒక ఐస్‌క్రీము దుకాణమువారి పాత పెట్టెను కొంటిని. కంట్రోలరు నొకదానిని తెప్పించితిని. దానికి రెండు సాకెట్లు: ఒకటి చలికి, ఒకటి వేడికి. చలిసాకెట్టునకు పెట్టెను, వేడిసాకెట్టునకు లోపల అడుగున నుంచిన పాతకాలపు 40 వాట్ల బల్బును తగిలించితిని. చలిని బయటికి పోనీయని గోడలు వేడిని గూడ పోనీయవు గదా! కంట్రోలరు తీగచివర గింజవంటి సెన్సరుండును. దానిని మూతక్రింద వ్రేలాడదీసి, 30 డిగ్రీలకు త్రిప్పి, ధైర్యముగా నిద్రించితిని.

అది మార్గశిరము. మఱునాడు పొరుగువీధిలో సీమంతము. నలుబదిమందికి ఇడ్లీపిండి నేనే ఇచ్చుటకు ఒప్పుకొంటిని. తెల్లవారి చూతును గదా, పిండి పెట్టినది పెట్టినట్లే యున్నది. వేఱుపిండి రుబ్బుటకు వ్యవధి లేదు. ఇడ్లీలు రాళ్లవలె వచ్చినవి. వారు పెద్దమనస్సుతో ఏమియు ననలేదు. నేను మాత్రము తీసికొన్న పైకము తిరిగి యిచ్చివేసి, ఇంటికి వచ్చి కన్నీరు పెట్టుకొంటిని. కంట్రోలరు మీద అంకె యప్పటికిని 30 అనియే చూపుచుండెను!

మా అత్తగారు పెట్టె మూత తెఱచి, లోపల మిగిలియున్న గిన్నె ప్రక్కకు అఱచేయి ఆనించి, “అమ్మాయీ, పెట్టె వెచ్చగానే ఉంది, పిండి మటుకు చల్లగా ఉందే!” అనిరి. నా తప్పంతయు ఆ యొక్కమాటలో తెలిసినది. వెచ్చనిగాలి తేలికయగుటచే పైకి పోయి మూతక్రింద చేరినది. సెన్సరు ఆ గాలిని చూచి “చాలును” అని బల్బు నార్పినది. పది లీటర్ల చల్లనిపిండికి ఆ వేడిమి యందనేలేదు. యంత్రము అబద్ధమాడలేదు, నేను దానిని తప్పుచోట నడిగితిని. కంబళి చుట్టిన మా అమ్మయు, అఱచేయి ఆనించిన మా అత్తయు చూచినది గాలిని గాదు, గిన్నెను.

నాటినుండి నేను పాటించు నియమము లివి. సెన్సరును గిన్నెప్రక్కకు, పిండిమట్టమునకు దిగువగా ఆనించి, దానిపై మందపు గుడ్డను మడతపెట్టి గట్టిగా కట్టవలెను. గుడ్డ లేనిచో సెన్సరు మరల గాలినే చూచును. గిన్నెలు అనేకములైనచో అన్నిటికంటె పెద్దదానికి కట్టవలెను. కట్టుటకు ముందు, దంచిన మంచుగడ్డలను కొంచెము నీటిలో కలిపి అందు సెన్సరును ముంచి చూడవలెను, సున్న చూపవలెను. ఒకటి రెండు డిగ్రీలు తేడా యున్నచో ఆ తేడాను మనస్సున నుంచుకొని త్రిప్పవలెను.

చలికిని వేడికిని నడుమ ఎడము ఉండవలెను. నేను 28కి దిగినచో బల్బు వెలుగునట్లును, 32కి ఎక్కినచో కంప్రెసరు నడచునట్లును ఏర్పఱచితిని. రెంటికిని ఒకే అంకె పెట్టినచో ఒకటి వేడిచేయుట, మఱియొకటి చల్లార్చుట. రెండు కోడండ్ల పోరువలె కరెంటు వ్యర్థమగును. కంప్రెసరు ఆగిన పిదప మరల నడచుటకు కనీసము మూడు మొదలు అయిదు నిమిషముల విరామ ముండునట్లు కంట్రోలరులో ఏర్పాటు చేయవలెను. గొట్టములలోని వాయువు ఒత్తిడి సమానము కాకముందే మరల నడపినచో కంప్రెసరు కష్టపడి త్వరగా చెడును. సెన్సరు గాలిలో వ్రేలాడినచో ఈ ఆగుట, నడచుట క్షణక్షణమునకు జరుగును. గిన్నెకు కట్టినచో పిండి నిదానముగా మాఱును గావున యంత్రమునకు గూడ విశ్రాంతి లభించును.

పిండి గిన్నెలో సగమే యుండవలెను. చలికాలమున గోరువెచ్చని నీటితోను, వేసవిలో చల్లని నీటితోను రుబ్బినచో పెట్టెకు శ్రమ తగ్గును. ఎనిమిది పదిగంటలలో పిండి పొంగిన పిమ్మట బల్బు తీసివేసి, కంట్రోలరును 4 డిగ్రీలకు త్రిప్పవలెను. అప్పుడు పెద్దగిన్నెను చిన్నగిన్నెలుగా పంచినచో త్వరగా చల్లబడును. లేనిచో నడిమి పిండి గంటలతరబడి పులియుచునే యుండును. ఈ పెట్టెలో మూత పైకి తెఱచుకొనుటచే బరువైన చల్లనిగాలి అడుగుననే నిలుచును. అమ్మకమునకై మాటిమాటికి తెఱచినను చలి యంతగా పోదు. ఒకే పెట్టెలో ఒకేసారి రెండు వేడిములు సాధ్యము కావు గనుక పెరుగును వేఱుగా తోడుపెట్టి, తోడుకొన్న పిదప మాత్రమే ఇందు చేర్చుచున్నాను.

జాగ్రత్తలు కొన్ని కలవు. తీగ పోవుటకై పెట్టెగోడకు రంధ్రము చేయరాదు. గోడలలో వాయుగొట్టము లుండును. సన్ననితీగ మూత రబ్బరు క్రిందుగా పోగలదు. బల్బునకు ఇనుపజాలి తొడిగి, గుడ్డకును ప్లాస్టిక్కునకును దూరముగా నుంచవలెను. ఎర్తు గల మూడుపుల్లల ప్లగ్గు తప్పనిసరి. పెట్టె గోడలు బయట వేడెక్కునవి గావున చుట్టును జానెడు చోటు విడువవలెను. అడుగున చేరు తేమను వారమునకొకసారి ప్లగ్గు తీసి తుడువవలెను. వింతరంగు గాని, బూజు గాని, దుర్వాసన గాని తోచిన పిండిని మనస్సు గట్టిచేసికొని పాఱవేయవలెను. దానిని చలి బాగుచేయలేదు.

మఱుసటి మాఘమాసమున ఆ పొరుగువీధివారింటనే బిడ్డకు నామకరణము జరిగినది. వారు మరల నాయొద్దకే వచ్చి పిండి యడిగిరి. ఆ రాత్రి సెన్సరును గిన్నెకు కట్టి, అంకె చూచి, అంతటితో తృప్తిపడక మా అత్తగారివలె అఱచేయి ఆనించి చూచితిని. తెల్లవారుసరికి పిండి గిన్నె యంచును తాకుచుండెను. ఇడ్లీలు తిన్న పెద్దలు పిండి యెవరిదని అడిగిరట.

సోదరీమణులారా! యంత్రములు మన శ్రమను తగ్గించును. వానిని కొనుటకు శక్తిగలవారు నిస్సంకోచముగా కొనవచ్చును. శక్తి లేనివారికి కంబళియు వడ్లగంపయు ఎప్పుడును కలవు. ఏది వాడినను, పులియునది పిండి గాని పెట్టె కాదని మఱువకుందురు గాక.