సంగటి ముద్దకు కొలత

రాబర్ట్‌సన్‌పేటలో గాని, ఆండర్సన్‌పేటలో గాని, అరవై దాటిన మగవారు నలుగురు కూడితే మాట ఎక్కడ మొదలైనా చక్కెర జబ్బు దగ్గరకు వచ్చి ఆగుతుంది. అప్పుడు ఒకరైనా "మనకేం భయమండీ, మనది సంగటి తిన్న ఒళ్ళు" అనక మానరు. ఈ ధైర్యమును గురించే నాలుగు మాటలు వ్రాయదలచినాము.

రాగులు మంచివి కావని ఎవరూ అనరు. బియ్యముకంటె వాటిలో పీచు ఎక్కువ, కాల్షియము ఎన్నో రెట్లు ఎక్కువ. కాని 100 గ్రాముల రాగిపిండిలో ఇంచుమించు 70 గ్రాములు పిండిపదార్థమే. తెల్లబియ్యములో అది 78 వరకు ఉంటుంది. తేడా ఉన్నది గాని, మనము అనుకొన్నంత లేదు. నాలుకకు తీపి తగలకపోయినా, నెత్తురులోకి చేరేసరికి ఆ పిండి చక్కెరే.

మరి మన పెద్దలు పూటకు రెండేసి ముద్దలు తిని ఎట్లా అరిగించుకొన్నారు? అది గని మహిమ. ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లు దాటిన లోతు. ఆ ఉక్కలో రాతితో పెనుగులాడే మనిషి కండలు నెత్తురులోని చక్కెరను లాగుకొని అప్పటికప్పుడే ఖర్చు పెట్టేవి. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చినది మొదలు, 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడేవరకు ఇక్కడి మగవాని ఆకలికి లెక్క కట్టినది గనియే. ఆనాడు నలభై ఏండ్లున్నవారు ఈనాడు అరవై దాటినారు. పని పోయినది, కండ తగ్గినది, ముద్ద మాత్రము అదే కొలత. పిల్లలు తెల్లవారకమునుపే మారికుప్పంలో బెంగుళూరు రైలు ఎక్కిపోతే, తండ్రులు అరుగుమీద కూర్చుని మూడోమారు టీ త్రాగుతున్నారు.

ఇక పొద్దుటి జావ. పలుచగా కాచిన జావ గట్టి ఆహారముకంటె త్వరగా నెత్తురులోకి ఎక్కుతుంది. అందులో బెల్లము వేసి, బెల్లము చక్కెర కాదు గదా అనేవారితో వాదించి గెలిచినవారిని మేము చూడలేదు.

సంగటి మానమని మేము చెప్పబోవడము లేదు. పిడికిలంత ముద్ద ఒకటి చాలును. మిగిలిన కడుపు ఆకుకూర పులుసుతోనూ, ఉలవలతోనూ, చలికాలములో పితికిపప్పుతోనూ నిండనీయండి. తిన్న వెంటనే పడుకొనక కొంచెము నడవండి. భయపడి పస్తులుండే పెద్దవారూ ఉన్నారు. అదీ తప్పే, ఉన్న కాస్త కండా కరిగిపోతుంది. మాత్ర వేసుకొని భోజనము మానితే చక్కెర ఒక్కసారిగా పడిపోయి ప్రాణము మీదికి రావచ్చును. ఖాళీ కడుపున మందు త్రాగేవారికి ఈ ప్రమాదము మరీ ఎక్కువ. కర్ణాటకలో 2007లో సారాయి పోయినది గాని సీసాలు పోలేదు!

దాహము, అతిమూత్రము కనబడలేదని పరీక్ష వాయిదా వేయకండి. చాలామందికి ఏండ్ల తరబడి ఏ గుర్తూ ఉండదు. పరగడుపున 100 లోపు ఉంటే నిశ్చింత. 126, అంతకు మించి రెండుసార్లు వస్తే జబ్బు ఉన్నట్లే. ఈ రెంటి నడుమ ఉన్నవారికి మేలుకొనే వ్యవధి ఇంకా ఉన్నది. మగవారికి నడుము 90 సెంటీమీటర్లు దాటడము కూడా ఒక హెచ్చరికే.

జబ్బు ఉన్నవారు రోజూ రాత్రి అరికాళ్ళు చూచుకోవలెను. స్పర్శ తగ్గిన కాలికి ముల్లు గ్రుచ్చుకొన్నా తెలియదు, చిన్న పుండే చివరకు కాలు తీసేదాకా పోవచ్చును. నడుము వంగనివారు అద్దము నేలమీద పెట్టి చూచుకోవచ్చును, లేదా మనుమడిని పిలిచి చూడమనవచ్చును.