రాత్రివేళ ఈటెతో చేపవేట: ధర్మశాస్త్ర దృష్టి

రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం, 1550 నుండి 1580 వరకు గోల్కొండను పాలించిన ఇబ్రహీం కుతుబ్ షా పేరు మోస్తున్న ఊరు. అక్కడి పెద్దచెరువు సుప్రసిద్ధం. అటువంటి చెరువు గట్టున చేపలు కొనే ముస్లింకు ఒక సందేహం కలగడం సహజం. రాత్రి దీపపు వెలుగులో ఈటెతో పొడిచి చంపిన చేప, జబహ్ చేయని చేప, హలాల్ అవుతుందా? పట్టినవాడు ముస్లిం కాకపోతే?

అవుతుంది. దివ్యఖుర్ఆన్ అల్ మాయిదా సూరా 96వ ఆయత్ నీటి వేటను, ఇహ్రాంలో ఉన్నవారికి సైతం, ధర్మసమ్మతం చేసింది. ఆ ఆయత్‌లోని ‘బహ్ర్’ అనే పదం సముద్రానికే పరిమితం కాదనీ, నదులూ చెరువులూ అందులో చేరుతాయనీ వ్యాఖ్యాతలు వివరించారు. చేపకు జబహ్ అక్కరలేదు. కనుక పట్టినవాని మతం గురించిన ప్రశ్నే రాదు. గంగపుత్రులు, ముదిరాజులు పట్టి అమ్మే చేపను మనవారు తరతరాలుగా నిస్సందేహంగా తింటూనే ఉన్నారు.

అసలు చిక్కు మరొకచోట ఉంది. ఈటె దెబ్బ తిన్న కొరమీను తప్పించుకుపోయి, తెల్లవారి నీటిపై తేలితే? తనంతట తాను చచ్చి, కడుపు పైకి తిరిగి తేలిన చేపను ‘తాఫీ’ అంటారు. హనఫీలు దానిని తినరు. మాలికీ, షాఫిఈ, హంబలీ ఇమాములు అనుమతించారు. అబూ ఉబైదా (రజి) నాయకత్వంలోని సైన్యం ఒడ్డుకు కొట్టుకువచ్చిన పెద్ద జలచరాన్ని తిన్న వృత్తాంతం వారికి ఒక ఆధారం. అయితే బయటి కారణంతో చచ్చిన చేప హనఫీల వద్ద కూడా తాఫీ కాదు. ఒంటిమీద ఈటె గాయం స్పష్టంగా ఉంటే అదే ఆ కారణం. కుళ్లిపోయిందా అన్నది వేరే విషయం. అది ముక్కు చెప్పాలి.

చేప హలాల్ అయినంత మాత్రాన వేట హలాల్ కాదు. చాలా చెరువుల్లో చేపల హక్కు మత్స్యకారుల సహకార సంఘాలది. 2016లో మొదలైన పథకం క్రింద తెలంగాణ ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలను వదిలించింది. వాటి మీద బతికే కుటుంబాలున్నాయి. చీకటి మాటున అక్కడ ఈటె వేయడం ఇతరుల హక్కును కాజేయడమే. తినే ఉద్దేశం లేక, గురి చూసుకోవడానికి పొడవడమూ తగదు. ప్రాణిని గురిపెట్టే వస్తువుగా చేయడాన్ని దైవప్రవక్త (స) వారించారు.

ఇక ఊపిరి బిగబట్టి మునిగి వేటాడటం. ఇది నీరు తేటగా ఉండే పగడపు సముద్రాలకు చెందిన విద్య. రాత్రి అక్కడ చిలుకచేపలు రాతి సందుల్లో నిద్రిస్తాయి, కనుక సులభంగా దొరుకుతాయి. బురద నీటి చెరువులో దీపం మూరెడు దూరం కూడా చూపదు. తూడు, పాత వలలు కాళ్లకు చుట్టుకుంటాయి. మునిగే ముందు గబగబా ఊపిరి పీల్చి వదిలే అలవాటు మరీ ప్రమాదకరం. దానివల్ల రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గుతుంది. ఊపిరి కావాలన్న తహతహను పుట్టించేది ప్రధానంగా ఆ వాయువే. తహతహ పుట్టకముందే ప్రాణవాయువు అడుగంటి మనిషి స్పృహ తప్పుతాడు. లోతునుండి పైకి వచ్చేటప్పుడు, నీటి ఒత్తిడి తగ్గడంతో, ఇది మరింత త్వరగా జరుగుతుంది. ఈతలో ఆరితేరినవారు సైతం ఇలా మరణించారు. చేజేతులా నాశనంలో పడవద్దన్న అల్ బఖరా సూరా 195వ ఆయత్ భావాన్ని ధర్మశాస్త్రవేత్తలు ఇటువంటి సాహసాలకూ వర్తింపజేస్తారు. ఒకరు మునిగితే మరొకరు పైన కాపలా కాయాలన్నది ఈ విద్యలో మొదటి నియమం. కానీ చీకటి నీటిలో స్పృహ తప్పినవాడు ఆ కాపలాదారుకు కనబడడు.