కంపించెడి త్రాసు

హైదరాబాదునుండి బెంగుళూరు పోవు రాజమార్గమున శంషాబాదు విమానాశ్రయము దాటిన పిమ్మట కొత్తూరు వచ్చును. సీతాఫలముల కాలమున ఆ బాటప్రక్కన గంపలు వరుసగా నుండును. అమ్మెడి స్త్రీలకు త్రాసుతో పనిలేదు; గంపను చేతితో నెత్తి చూచి వెల చెప్పుదురు. కొంత దూరమున కాటాపై లారీ నిలిచి టన్నుల లెక్క తేల్చుకొనుచుండును. కంసాలి యంగడిలో గురిగింజయెత్తు బంగారమునకై వాదము జరుగుచుండును. తూకము మన సోదరీమణులకు క్రొత్త విద్య కాదు. అయినను ఒక్క ప్రోటీను అణువును తూచు త్రాసు కలదని విన్నప్పుడు మేమును మొదట నమ్మలేదు.

ప్రోటీనులనగా మాంసకృత్తులు. పప్పులోను, పాలలోను, గ్రుడ్డులోను నున్నవి మాత్రమే కావు. మన నెత్తురున కెఱుపునిచ్చు హీమోగ్లోబినును, చక్కెరవ్యాధి గలవారు పుచ్చుకొను ఇన్సులినును ప్రోటీనులే. వీని బరువును డాల్టనులలో లెక్కింతురు. ఒక హైడ్రోజను పరమాణువు రమారమి 1 డాల్టను. ఇన్సులిను అణువు 5,800 డాల్టనులు, హీమోగ్లోబిను 64,500. ఇదియేదో పెద్ద సంఖ్యయని భ్రమపడరాదు. ఒక్క గురిగింజకు సరితూగవలెనన్న హీమోగ్లోబిను అణువులు కోటికి కోటి రెట్లు, దానికి మరల పదివేల రెట్లు కావలెను!

ఇట్టిదానిని పళ్లెములో నుంచి తూచుట యెట్లు? సమాధానము మన సంగీత సభలలోనే యున్నది. కచేరికి ముందు మార్దంగికుడు ఎడమ మూతపై తడిపిన రవ్వముద్ద నంటించుట మీరు చూచియేయుందురు. ముద్ద పెరిగినకొలది నాదము మంద్రమగును. కంపించు వస్తువుపై బరువు చేరిన దాని కంపనము మందగించుటయే యిందులకు కారణము. కుడిమూతపై నల్లని కరణి చేయు చిత్రమును గూర్చి సర్ సి. వి. రామను గారు 1920 లోనే వ్రాసిరి. ఇచ్చట ఉయ్యాల పోలిక పనికిరాదని చెప్పవలసియున్నది. ఉయ్యాలలో బిడ్డ కూర్చున్నను తల్లి కూర్చున్నను ఊగెడి వేగము దాదాపు ఒక్కటియే.

కంపనము తగ్గిన మేరను కొలిచి, చేరిన బరువును చెప్పవచ్చునుగదా! జర్మనీ దేశస్థుడగు సావర్‌బ్రే 1959 లో స్ఫటికపు బిళ్లపై పలుచని లోహపు పూతను ఈ రీతినే తూచెను. అమెరికాలోని కాలిఫోర్నియా సాంకేతిక విద్యాలయమున రూక్స్ పండితుని బృందము ఆ బిళ్లకు బదులు వెంట్రుక మందములో అనేక వంతులు చిన్నదగు కమ్మిని చేసి, గాలి తీసివేసిన పాత్రలో సెకనుకు కోట్ల మారులు కంపింపజేసిరి. ప్రోటీను అణువు వచ్చి దానిపై వ్రాలినంతనే శ్రుతి ఒక్క మెట్టు దిగును. 2009 లో ఈ పనిని ప్రకటించిన వ్యాసమున మొదటిపేరు అక్షయ్ నాయక్ గారిది. వారు తరువాత బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో అధ్యాపకులైరి. మన కొత్తూరు బాట పోయి చేరెడి యూరే యది!

అప్పటికొక చిక్కు మిగిలియుండెను. అణువు కమ్మి నడుమ వ్రాలిన శ్రుతి మిక్కిలి దిగును. అంచున వ్రాలిన నించుకయే. కావున బరువైనది అంచున పడినదో, తేలికది నడుమ పడినదో తెలియదు. 2012 లో ఈ చిక్కు విడిపోయినది. కమ్మిని ఒకే కాలమున రెండు తీరుల కంపింపజేసిరి. మొదటి తీరున కమ్మియంతయు నొక్కటిగా లేచి పడును. రెండవ తీరున నొక సగము లేచునప్పుడు రెండవ సగము దిగును, నట్టనడుమ మాత్రము కదలదు. రెండు శ్రుతులును ఎంతెంత దిగినవో పోల్చిన బరువును చోటును రెండును తెలియును. అట్లు, రోగము సోకినప్పుడు మన దేహము ముందుగా పుట్టించు రక్షక ప్రోటీనును, సుమారు పది లక్షల డాల్టనులదానిని, ఒక్కొక్క అణువుగా తూచిరి.

దీనితో ఇల్లాండ్రకేమి పని యందురా? కొత్తూరు ప్రాంతమున మా యెఱుకలో నొక గృహిణి కలదు. ఒకనాటి తెల్లవారుజామున ఆమెకు వీపునను దవడలోను నొప్పి, ఆయాసము, వాంతి. వాయువని వాము నీరిచ్చిరి. ఆమెయు వంట ముగించి పండుకొనెను. మధ్యాహ్నమునకు గాని వైద్యునికడకు పోలేదు; నెత్తురు పట్టణమునకు పోయి ఫలితము వచ్చుసరికి ప్రొద్దుక్రుంకెను. గుండెపోటని తేలినది. ఆమె బ్రతికినది, కాని గుండెలో కొంతభాగము బలహీనపడినది.

ఆ పరీక్ష వెదకునది ట్రోపోనిను అను ప్రోటీనునే. గుండె కండ దెబ్బతిన్న కొన్ని గంటలకు అది నెత్తురులోనికి వచ్చును. దీనిని చిన్న పనిముట్టుతో ఎక్కడికక్కడ పసికట్టవలెనని పాటుపడినవారిలో మన కొల్లాపురమున పుట్టి, వరంగల్లున ఇంజనీరింగు చదివిన వి. రాంగోపాలరావుగారు ముఖ్యులు. వారు బొంబాయి ఐ.ఐ.టి.లో నుండగా పాలిమరుతో అతిసూక్ష్మమగు పలుకలు చేసిరి. ఇవి తూచునవి కావు, వంగునవి. పలుక కొక ప్రక్క మాత్రమే ప్రోటీనును పట్టు పూత యుండును. ప్రోటీను అంటుకొనగానే, ఒకవైపు తడిసిన అట్టవలె పలుక వంగును. ఆ వంపు విద్యుత్తుగా తెలియును. ఈ జాతి విద్యనుండియే పుట్టిన పేలుడుమందులు పసికట్టు యంత్రము 2021 ఏప్రిలులో విడుదలైనది. ప్రయాణికుల పెట్టెలను గుడ్డపీలికతో తుడిచి పరీక్షించుట విమానాశ్రయములలో చూచినవారికి అట్టి యంత్రముల పని తెలియును.

పెట్టెలకు దొరకిన యీ సదుపాయము పల్లెలలోని ఇల్లాండ్రకు ఇంకను దొరకకుండుట మాకు కష్టముగానే యున్నది. నెత్తురులో వేలకొలది ఇతర ప్రోటీనులు కలసియుండును; అవియు పలుక కంటుకొని చిక్కు తెచ్చును. కంపించెడి త్రాసునకు గాలిలేని పాత్రయు మిక్కుటమగు చలియు కావలెను. కొడవలి రక్తకణ వ్యాధిలో హీమోగ్లోబిను గొలుసునకు వచ్చు తేడా 30 డాల్టనులు మాత్రమే. 2012 నాటి కమ్మి యంతటి సూక్ష్మమును గుర్తింపజాలదు.

కావున ప్రస్తుతమునకు మనకున్నది మామూలు నెత్తురు పరీక్షయే. నొప్పి పుట్టిన వెంటనే తీసిన నెత్తురులో ట్రోపోనిను కనబడకపోవచ్చును. అందుచేత కొన్ని గంటలకు వైద్యులు మరల తీయుదురు. మొదటిది బాగున్నదని ఇంటికి మరలిపోవ తొందరపడరాదు. స్త్రీలకు రొమ్మునొప్పి లేకయే దవడ, వీపు, ఆయాసము, వాంతి రూపమున గుండెపోటు రావచ్చును. అప్పుడు 108 కు ఫోను చేయవలెను. వంట సంగతి ఇంటిలో మరియెవరైన చూచుకొందురు.