రెండు బండ్లూ బీచ్‌కే

“బీచ్ అని ఉంటే ఎక్కెయ్ అత్తా. పెరంబూరులో దిగు. నేను స్టేషన్‌లోనే ఉంటా.”

నేను చెప్పింది ఇంతే. అత్త చేసిందీ అంతే. అయినా పోయిన సంవత్సరం మా నాయన తిథికి, మిద్దె మీద కాకికి అన్నం పెట్టే వేళకు, నాయనకున్న ఒక్కగానొక్క చెల్లెలు మా ఇంట్లో లేదు. తాంబరం దగ్గర ఎక్కడో రైల్లో కూర్చుని ఉంది.

అత్త ఉండేది అరక్కోణంలో. మామ రైల్వేలో పనిచేసి పోయాడు. నాయన బి అండ్ సి మిల్లులో, వీవింగ్‌లో ఉండేవాడు. 1996లో మిల్లు మూసేసినా మేం పెరంబూరు వదల్లేదు. అరక్కోణం నుంచి పెరంబూరుకి రావడం అత్తకు కొత్తేమీ కాదు. ఎప్పుడూ ఎవరో ఒకరు తోడుండేవాళ్లు, అంతే. ఆ రోజు ఒంటరిగా బయల్దేరింది. అత్తకు తెలుగు బాగా, అరవం ధారాళంగా వచ్చు. చదవడం మాత్రం ఏదీ రాదు. ప్లాట్‌ఫారం మీద ఒక కుర్రాణ్ణి “బీచ్ పోగుమా తంబీ?” అని అడిగింది. వాడు బండి వైపు చూసి “పోగుం పాట్టీ” అన్నాడు. వాడు అబద్ధం చెప్పలేదు. బోర్డూ అబద్ధం చెప్పలేదు.

2019 నుంచి చెన్నైలో చుట్టు రైలు నడుస్తోంది. బీచ్ స్టేషన్‌లో బయల్దేరి ఎగ్మూరు, తాంబరం, చెంగల్పట్టు, కాంచీపురం, అరక్కోణం, తిరువళ్ళూరు, ఆవడి, పెరంబూరు మీదుగా మళ్లీ బీచ్‌కే వస్తుంది. అటు నుంచి ఇటూ తిరుగుతుంది, ఇటు నుంచి అటూ తిరుగుతుంది. మొత్తం చుట్టు దాదాపు 190 కిలోమీటర్లు. ఈ చుట్టు పూర్తికావడానికి చాలాకాలం పట్టింది. తక్కోలానికీ అరక్కోణానికీ మధ్య నేవీవాళ్ల విమానాల రన్‌వే ఉంది. దాని పక్కనే కరెంటు తీగలు వెయ్యడానికి కుదరక పట్టాలనే వేరే దారికి మళ్లించారు. ఆ తర్వాతే అక్కడ కరెంటు బండ్లు తిరిగాయి. మంచి పనే. కంచికి పోవాలన్నా, తిరుత్తణి వైపు చుట్టాలను చూడాలన్నా మనవాళ్లకు ఎంతో సులువైంది.

అయితే గుండ్రంగా తిరిగే బండికి చివరి స్టేషన్ ఏది? బోర్డుకి మాత్రం ఒక పేరు కావాలి. ఆ పేరు బీచ్. అరక్కోణంలో నిలబడ్డ మనిషికి బీచ్ రెండు వైపులా ఉంది. తిరువళ్ళూరు, పెరంబూరు దారిన దాదాపు 70 కిలోమీటర్లు. కంచి, చెంగల్పట్టు, తాంబరం దారిన దాదాపు 125. రెండూ బీచ్ బండ్లే. పెరంబూరు వచ్చేది మొదటి దారిలోనే.

పదింటికి ముందు ఫోన్ చేసింది.

“ఒరే, తిరువళ్ళూరు ఇంకా రాలేదేంరా? ఇప్పుడెవరో కంచి అంటావుండారు.”

“ఏ బండి ఎక్కినావత్తా?”

“నువ్వు చెప్పిన బండే. బీచ్ బండి.”

కంచిలో దిగి వెనక్కి రమ్మనాలా, అట్లాగే కూర్చోమనాలా? ఆ దారిలో బండ్లు తక్కువ. ఎండలో, తెలియని ప్లాట్‌ఫారం మీద గంటలకొద్దీ కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. “కదలొద్దు, బీచ్‌లోనే దిగు, నేనే వస్తా” అన్నాను. అత్త పెరంబూరుకి టికెట్టు తీసుకుంది. అది ఈ దారికి చెల్లుతుందా, ఎవరన్నా వచ్చి నిలదీస్తే ఏం చెప్పాలి అని దారంతా ఆమెకు అదే భయం. ఆ భయంలో ఇంకో సంగతి నాకు చెప్పలేదు. తిథి రోజని పొద్దున కాఫీ తప్ప ఏమీ తినలేదు. చక్కెర మాత్ర మాత్రం వేసుకుంది. చెంగల్పట్టు దగ్గర చేతులు వణకడం మొదలైందంట. పక్కనున్న ఆమె తన ఇడ్లీ పొట్లం విప్పి పెడితే, ముందు వద్దందంట. తర్వాత తినింది. ఆ తల్లి ఎవరో మాకు తెలియదు.

ఇంటి దగ్గర పంతులు తొందరపెట్టాడు. తమ్ముడు కాకికి పెట్టేశాడు. నేనప్పుడు బీచ్‌లో నిలబడి ఉన్నాను.

అసలు ఈ బీచ్ అనే పేరే ఒక తమాషా. నెల్లూరు నుంచి మా చుట్టాలొస్తే, మెరీనా చూడాలని బీచ్‌లో దిగి ఇసకేదీ అని అడుగుతారు. అక్కడ ఇసక లేదు, హార్బరు ఉంది. ఒకప్పుడు ఆ రోడ్డు పేరు ఫస్ట్ లైన్ బీచ్, ఇప్పుడు రాజాజీ సాలై. పేరు స్టేషన్‌కు మిగిలింది. మెరీనాకి పోవాలంటే వేళచేరి బండెక్కి తిరువల్లిక్కేణిలోనో లైట్‌హౌస్‌లోనో దిగాలి.

సెంట్రల్ సంగతీ అంతే. మనం సెంట్రల్ అంటాం. లోకల్ బండ్లు ఆగే భాగానికి రైల్వేవాళ్ల పేరు మూర్ మార్కెట్ కాంప్లెక్స్. 1985లో కాలిపోయిన పాత మార్కెట్ పేరది. ఫోన్‌లో ‘ఎం.ఎం.సి’ అని కనిపిస్తే, అది సెంట్రలే అని కొత్తవాడికి ఎవరు చెప్పాలి? రోడ్డు దాటితే పార్క్ స్టేషన్, ఇంకాస్త పక్కన పార్క్ టౌన్. ఒకటి తాంబరం లైను, ఇంకోటి వేళచేరి లైను.

బొంబాయి వర్లీలో ఉండే మా పెదనాన్న కొడుక్కి ఇదంతా చెబితే నవ్వాడు. వాళ్ల దగ్గర ఏళ్లకేళ్లు బోర్డు మీద ఒక్క అక్షరమే దిక్కు. వెస్టర్న్ లైన్‌లో ‘ఎ’ అంటే అంధేరి, సెంట్రల్ లైన్‌లో అదే ‘ఎ’ అంటే అంబర్‌నాథ్. కసారాకి ‘ఎన్’, కర్జత్‌కి ‘ఎస్’. మళ్లీ స్లో బండికీ ‘ఎస్సే’. రెండు లైన్లూ కలిసే దాదర్‌లో కొత్తవాడి గతి దేవుడికే తెలియాలి. వాళ్ల ఎల్ఫిన్‌స్టన్ రోడ్ 2018లో ప్రభాదేవి అయింది. ఇంట్లో పెద్దవాళ్లు ఇంకా ఎల్ఫిన్‌స్టన్ అనే అంటారు. కానీ వాళ్ల బండి ఒక చివర బయల్దేరి ఇంకో చివరకు పోతుంది. తప్పెక్కితే వచ్చే స్టేషనే చెప్పేస్తుంది. బండి బయల్దేరిన చోటికే తిరిగొస్తే చిక్కు వేరు. బోర్డు మీద ఉన్నది నిజమే, మనకు కావాల్సింది మాత్రం అందులో లేదు.

టోక్యోలో యమనోతె అని ఒక చుట్టు రైలుంది. 34.5 కిలోమీటర్లు, 30 స్టేషన్లు. అక్కడ లోపలి చుట్టు, బయటి చుట్టు అని రెండు పేర్లు పెట్టుకున్నారు. దాంతోపాటు ముందు రాబోయే పెద్ద స్టేషన్ల పేర్లు చెబుతారు. చివరి స్టేషన్ గురించి ఎవరూ దిగులుపడరు. మనకూ అంతే చాలు. ‘బీచ్’ పక్కన అంతే పెద్ద అక్షరాల్లో ‘పెరంబూరు వైపు’ లేదా ‘తాంబరం వైపు’ అని ఉండి, అదే మాట మైకులో చెబితే, చదువురాని మా అత్తలాంటివాళ్లూ బతికిపోతారు. ఆ పెట్టెలు చేసే ఐసీఎఫ్ 1955 నుంచి మా పెరంబూరులోనే ఉంది. పెట్టె చేయగలిగిన ఊరికి దానిమీద రెండు మాటలు ఎక్కువ రాయించడం కష్టమా?

అంతవరకూ మనం చేయగలిగింది ఒకటుంది. ఊరి పేరు అడగొద్దు, దారి అడగాలి. అరక్కోణంలో పెరంబూరుకి రావాలంటే “తిరువళ్ళూరు పోగుమా?” అనండి. కంచికైతే “తక్కోలం పోగుమా?” అనండి. చెంగల్పట్టులోనూ ఇదే తంటా. అక్కడ తాంబరం దారిన బీచ్‌కి 60 కిలోమీటర్లే. అరక్కోణం వైపు పోయే చుట్టు బండెక్కితే అదీ బీచ్‌కే చేరుస్తుంది, కాకపోతే సగం రోజు తిప్పి. తాంబరం పేరు చెప్పి అడగండి. ఇంట్లో పెద్దవాళ్లను ఒంటరిగా పంపేటప్పుడు ఎక్కాల్సిన స్టేషన్, దిగాల్సిన స్టేషన్‌తోపాటు మధ్యలో రావలసిన ఒక స్టేషన్ పేరు కూడా చెప్పి పంపండి. అది రాకపోతే ఫోన్ చేయమనండి. చక్కెర ఉన్నవాళ్ల సంచిలో నాలుగు బిస్కెట్లు పెట్టండి.

ఈ ఏడు తిథికి నేనే పోయి తీసుకొస్తానన్నాను. అత్త ఒప్పుకోలేదు. “నేనేం చంటిపిల్లనా?” అంది. పొద్దున ఎనిమిదింటికి ఫోన్ వచ్చింది, వెనక నుంచి రైలు కూత వినిపిస్తోంది.

“తిరువళ్ళూరు పోగుమా అని అడిగినా. ఒకడు, బీచ్ పోగుం పాట్టీ, అన్నాడు.”

“ఎక్కినావా?”

“ఎందుకెక్కుతా? ఇంకోణ్ణి అడిగినా.”