వికీపీడియాలో రూపవివాదములు – వాని పరిష్కారము

అనేకులు కలిసి చేయు కార్యములందు పెద్ద విషయములకంటె చిన్న విషయములే తఱచుగా కలహమునకు కారణములగుచుండును. ఊరికి మంచినీళ్ల బావి కావలెననుటలో గ్రామస్థులందఱును ఏకీభవింతురు, చందాలిత్తురు, శ్రమపడుదురు. కాని గిలక తూర్పున నుంచవలెనా, పడమట నుంచవలెనా అను ప్రశ్న వచ్చునప్పటికి రెండు పక్షములేర్పడును. ఏ ప్రక్కనుండి తోడినను నీరొకటియేయని అందఱును ఎఱుగుదురు. అయినను ఆ పంతము తెగక పని సగములో నిలిచిపోవుటయు కలదు. జీతములేని పనివారు, ఒకరి ముఖమొకరు ఎఱుగనివారు, ఇట్టి తగవులను ఎట్లు తీర్చుకొనుచున్నారో తెలిసికొనుట మన విద్యార్థులకును వారి తలిదండ్రులకును ఉపయోగకరమని యెంచి, వికీపీడియా యను విజ్ఞానసర్వస్వమునందలి యేర్పాటులను ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

వికీపీడియా 2001వ సంవత్సరము జనవరి 15వ తేదీన ఆంగ్లభాషలో ఆరంభింపబడినది. జిమ్మీ వేల్స్, లారీ శాంగర్ అనువారు దాని స్థాపకులు. తెలుగు వికీపీడియా 2003వ సంవత్సరము డిసెంబరు నెలలో పుట్టినది. ఇది కాగితముపై అచ్చుపడిన గ్రంథము కాదు. అంతర్జాలమునందుండి, కంప్యూటరులోను చేతిఫోనులోను ఎల్లరును ఉచితముగా చదువదగినది. చదువుటయే కాదు, కట్టుబాటుగల కొన్ని పుటలు తప్ప, తక్కిన వ్యాసముల నెవరైనను దిద్దవచ్చును. ప్రతి దిద్దుబాటును, దానిని చేసినవారి గుఱుతును, చేసిన కాలమును ఆ పుట చరిత్రమున నిలిచియుండును. ఒకరు చేసినదానిని మఱియొకరు క్షణములో రద్దుచేయవచ్చును. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞానసర్వస్వమును ప్రకటించిన కాలమున, వ్యాసము ఏ రూపమున అచ్చుపడవలయునో నిర్ణయించుటకు సంపాదకులుగా వారుండిరి. వికీపీడియాకు అట్టి ప్రధాన సంపాదకుడు లేడు. కావున తుదిమాట యెవరిదను ప్రశ్న ఇచట ప్రతిదినమును పుట్టుచుండును.

ఈ తగవులలో రెండు తెగలు గలవు. విషయమును గూర్చినవి కొన్ని, రూపమును గూర్చినవి మఱికొన్ని. ఒక సంఘటన ఏ దినమున జరిగినదనునది విషయము; ఆధారగ్రంథమును చూపి ఆ తగవు తీర్పవచ్చును. ఆ తేదీని ‘4 జూలై 1776’ అని వ్రాయవలెనా, ‘జూలై 4, 1776’ అని వ్రాయవలెనా అనునది రూపము. మొదటిది ఇంగ్లండువారి వాడుక. రెండవది అమెరికావారి వాడుక. రెండును ఒప్పులే. ఎంత పెద్ద గ్రంథాలయమును వెదకినను వీనిలో నొకటి తప్పని ఋజువుచేయు పుస్తకము దొరకదు. ఋజువు లేనిచోట వాదమునకు అంతము లేదు.

అయినను రూపములన్నియు సమానములని తలంపరాదు. ఆ తేదీనే ‘04/07/1776’ అని వ్రాసినచో, ఇంగ్లండు చదువరి జూలై నాలుగవ తేదీయనియు, అమెరికా చదువరి ఏప్రిల్ ఏడవ తేదీయనియు గ్రహించును. ఇచట చదువరి మోసపోవుచున్నాడు. అందువలన ఆంగ్ల వికీపీడియా శైలీనియమావళి అట్టి రూపమును వాడరాదన్నది. కాబట్టి రూపమును మార్చబూనువాడు ముందుగా వేసికొనవలసిన ప్రశ్న యిది: ఉన్నది ఉన్నట్లుంచుటవలన చదువరికి నష్టము కలదా? కలదేని మార్చుటకు కారణమున్నది. లేదేని మిగిలినది మన అభిరుచి మాత్రమే.

అభిరుచుల నడుమ తగవు పెరుగకుండుటకై ఆ నియమావళి మూడు సూత్రములను పాటించుచున్నది. మొదటిది, ఒక వ్యాసమున ఆదినుండి అంతమువఱకు ఒకే రూపముండవలెను. రెండవది, విషయమునకు ఆంగ్లము మాటలాడు ఒక దేశముతో గట్టి సంబంధమున్నయెడల ఆ దేశపు వాడుకను అనుసరింపవలెను. లండను నగరమును గూర్చిన వ్యాసమున ఇంగ్లండువారి వర్ణక్రమమును, న్యూయార్కును గూర్చినదానియందు అమెరికావారి వర్ణక్రమమును ఉండుట కిదియే కారణము. మూడవది, అట్టి సంబంధమేమియు లేనపుడు, వ్యాసమున మొదట స్థిరపడిన రూపమునే నిలుపవలెను.

ఈ మూడవ సూత్రము బాలురకు అన్యాయముగా తోచవచ్చును. ముందు వచ్చినవాడు ఎక్కువ తెలిసినవాడా? కానక్కఱలేదు. ముందున్న రూపము మేలైనదని ఈ సూత్రము చెప్పుటలేదు. రెండును సమానములైనపుడు మార్చుటవలన లాభము లేదనియు, మార్చినకొలదిని తగవు పెరుగుననియు మాత్రమే చెప్పుచున్నది. రైలుబండిలో ముందెక్కి కూర్చున్నవాడు తరువాత నెక్కినవానికంటె గొప్పవాడు కాడు. అయినను ఆ చోటు వానిదే. ఆ మాత్రపు ఒప్పందము లేనిచో ప్రతి స్టేషనునందును ఒక కలహము జరుగును.

మనబోటివారికి ఈ సూత్రము కఠినపరీక్షయగు తావొకటి కలదు. సంవత్సరములను లెక్కించుటలో క్రీస్తుపూర్వము, క్రీస్తుశకము అను వాడుక యొకటి. వానికి బదులు సామాన్యశకమనుట మఱియొకటి. అంకెలలో ఆవగింజంతయు భేదము లేదు. ఆంగ్లములో మొదటి వాడుకయందు ‘ప్రభువు సంవత్సరమున’ అను నర్థముగల లాటిను మాటలు ఇమిడియున్నవి. అది విశ్వాసప్రకటనమగుటచేత కొందఱు దానిని విడువగోరుదురు. ఆ కారణముచేతనే కొందఱు నిలుపగోరుదురు. ఈ రూపముల మార్పును గూర్చిన వివాదము తమ యెదుటికి వచ్చినపుడు, 2005వ సంవత్సరమున ఆంగ్ల వికీపీడియా మధ్యవర్తిత్వ సంఘమువారు, రెండు రూపములును అంగీకరింపదగినవైనపుడు బలమైన కారణము లేక ఒకదానినుండి మఱియొకదానికి మార్చుట తగదని నిర్ణయించిరి.

మాకు క్రీస్తుశకమను మాటయే ప్రియము; చిన్ననాటినుండి చదివినదియు అదియే. తెలుగు వికీపీడియాలో ‘సా.శ.’ అను గుఱుతు విరివిగా కానవచ్చును. దానిని చూచినపుడు దిద్దుటకు చేయి దురదపెట్టుట సహజమే. కాని క్రీస్తు నామమునకు గౌరవము ఆ నామము పేర తగవులాడుటవలన కలుగదు. తనకు ప్రియముకాని రూపమును నిలిచియున్నచోట నిలువనిచ్చువాడు, తనకు ప్రియమైన రూపమును ఇతరులు నిలువనీయవలెనని కోరుటకు అర్హుడగును. ఈ న్యాయము ఇరుపక్షములకును సమానమే.

సూత్రములున్నను తగవులు రాకపోవు. అప్పుడు ఎక్కవలసిన మెట్లు కొన్ని యేర్పడియున్నవి. మార్పు మంచిదని తోచినవాడు ధైర్యముగా చేయవచ్చును. దానిని మఱియొకడు రద్దుచేసినచో, మరల అదే మార్పు చేయక, ఆ వ్యాసమునకు జోడింపబడియున్న చర్చాపుటకు పోయి తన కారణమును వ్రాయవలెను. పంతముపట్టి ఇరువదినాలుగు గంటలలో ఒకే పుటయందు మూడింటికి మించి రద్దులు చేసినవానిని, వాని రూపమే ఒప్పైనను, కొంతకాలము దిద్దుబాటు చేయకుండ నిలుపవచ్చును. తగవు ఇద్దఱి నడుమనే యున్నచో మూడవవాని యభిప్రాయమును కోరవచ్చును. అప్పటికిని తీరనిచో తక్కిన సంపాదకులను పిలిచి, సామాన్యముగా 30 దినములు వారి యభిప్రాయములను వినుదురు. ఆ చర్చతో సంబంధములేని యొకడు అంతయు చదివి సారమును నిర్ణయించును. చేతులెత్తించి లెక్కించుట ఇచటి పద్ధతి కాదు. కారణములను తూచుటయే పద్ధతి.

ఈ మెట్లు ఎక్కినను ఆలస్యము తప్పదనుటకు పెరుగు కథ సాక్ష్యము. పెరుగునకు ఆంగ్లమున వాడు ‘యోగర్ట్’ అను మాటను హెచ్ అను అక్షరముతోను వ్రాయుదురు, అది లేకయు వ్రాయుదురు. వ్యాసము మొదట ఆ యక్షరము లేకయే యుండెను. 2003వ సంవత్సరమున ఎవరో దానిని చేర్చిరి. అది మొదలు 2011వ సంవత్సరమువఱకు ఆ పేరును మార్చవలెనని పలుమాఱులు చర్చలు జరిగెను. తుదకు 2011 డిసెంబరులో ఆ యక్షరము తొలగింపబడినది. అంతటితో తగవణగినది. పెరుగు రుచి యెన్నడును మాఱలేదు! ఆ వ్రాసిన కారణములన్నిటికిని పట్టిన శ్రమలో ఎన్ని క్రొత్త వ్యాసములు పుట్టియుండునో చదువరులే యూహింపవచ్చును.

ఇంతకంటె పెద్ద వివాదము తేదీలను గూర్చి జరిగినది. ఇంగ్లండు రూపమా, అమెరికా రూపమా అను కలహమును యంత్రముచేతనే తీర్చవలెనని పూర్వము ఒక యుపాయము పన్నిరి. తేదీని ఒక విధమైన గుఱుతుల నడుమ వ్రాసినచో, పేరు నమోదుచేసికొనిన సంపాదకునికి అతడు కోరిన రూపమున అది కనబడుచుండెను. కాని చదువరులలో ఎక్కువమంది పేరు నమోదుచేసికొననివారు. వారికి మాత్రము వ్రాసినది వ్రాసినట్లే, ఒకే పుటలో రెండు రూపములును కలగాపులగముగ కనబడుచుండెను. సంపాదకులు తమకు సుఖము కల్పించుకొని, చదువరి చూచుచున్న దోషము తమ కంటబడకుండ చేసికొనిరన్నమాట. పైగా ప్రతి తేదీయు వేఱొక పుటకు దారితీయు లంకెగా మాఱి, ముఖ్యమైన లంకెలను మఱుగుపఱచుచుండెను.

2008వ సంవత్సరమున ఈ యుపాయము విడువబడినది. విడుచుట మంచిదే. కాని కొందఱు యంత్రసాధనములతో అనేక పుటలందు ఆ గుఱుతులను వేగముగా తొలగింప మొదలిడిరి. కొందఱు అడ్డుపడి మరల చేర్చిరి. వివాదము మధ్యవర్తిత్వ సంఘమువఱకు పోయెను. 2009వ సంవత్సరము జూను నెలలో సంఘము తీర్పు చెప్పి, ఇరుప్రక్కలను హద్దుమీఱిన కొందఱిపై నిషేధములు విధించినది. అందులో మనము గ్రహింపదగిన న్యాయమొకటి యున్నది: తాను చేయు మార్పు వివాదాస్పదమని తెలిసిన పిమ్మటగూడ, వేలకొలది పుటలలో దానిని చేసివేసి, ‘ఇక జరిగిపోయినది గదా’ అనుట తగదు, ఆగి, చర్చించి, తరువాత సాగవలెను. ఒక పుటలో మార్పు సులభముగా సరిదిద్దవచ్చును. వేయి పుటలలో చేసిన మార్పు ఎదుటివాని నోరు నొక్కుటతో సమానము.

పై సంఘమునకు సభ్యులను నేడు సంపాదకులే యెన్నుకొనుచున్నారు. అది ప్రధానముగా మనుష్యుల నడవడిని విచారించునేగాని, వ్యాసమున ఏమి వ్రాయవలెనో తీర్మానింపదు. జీవితచరిత్రముల ప్రక్కన జననమరణాదులను పట్టికగా చూపు సమాచారపెట్టె యుండవలెనా వద్దా యను వివాదము 2013లో దానియెదుటికి వచ్చినది. పాశ్చాత్య సంగీతకర్తలను గూర్చిన వ్యాసములలో ఈ తగవు తీవ్రముగా నుండెను. పెట్టె యుండి తీరవలెననియు చెప్పలేదు, ఉండరాదనియు చెప్పలేదు. ఏ వ్యాసమున కా వ్యాసము చర్చించి నిర్ణయించుకొనవలెనన్న పద్ధతియే నిలిచినది. 2018లో మరల అదే విషయము సంఘమునకు వచ్చినపుడు, విచారణకు పేరే సమాచారపెట్టెల చర్చలందలి మర్యాదయని యుండెను. పెట్టెను గూర్చిన తగవు మాటతీరును గూర్చిన తగవుగా మాఱినదనుటకు వేఱు నిదర్శనమేల?

జీతమునకు పనిచేయువాడు అవమానము కలిగినను నెలాఖరువఱకు ఓర్చుకొనునేమో. స్వచ్ఛందముగా పనిచేయువానిని నిలుపునది ఇష్టమొక్కటే. ఇష్టము చెడినచో అతడు ఒకమాటయైన చెప్పక వెడలిపోవును. అతడు వ్రాయగల వ్యాసములును అతనితోనే పోవును. రూపవివాదములలో నిజముగా నష్టపడునది ఇదియే.

విద్యార్థులారా! మీలో తెలుగు వికీపీడియాకు వ్యాసములు వ్రాయగలవారు పెక్కండ్రున్నారు. మీ గ్రామచరిత్రమును, మీ చెఱువును, మీ పంటలను గూర్చి తగిన యాధారములతో వ్రాయుడు. అచటనేగాక తరగతి చేతివ్రాత పత్రికయందును మీకు ఈ న్యాయమే పనికివచ్చును. ఈ వ్యాసమున మేము ‘వఱకు’ అని బండి ఱతో వ్రాసితిమి. మీరు ‘వరకు’ అని వ్రాయుదురు. రెండును చదువరికి తెలియును. ఒక వ్యాసమున ఒకటే రూపము పాటింపుడు. పరుల వ్యాసమును దిద్దుటకు ముందు చదువరికి లాభమేమో విచారింపుడు. లాభము కలదని తోచినను, మఱియొకరు కాదన్నపుడు ముందుగా వారితో మాటలాడుడు. గెలువవలసినచోట గెలుచుట విద్యయే. ఒప్పులు రెండున్నచోట వాదము విడుచుట అంతకంటె పెద్ద విద్య.